గూగుల్ తెరవక ముందు: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులకు లిటరేచర్ సెర్చ్ నేర్పే పద్ధతి

ప్రాజెక్టు టాపిక్ ఇచ్చిన సాయంత్రం పిల్లలు ఏం చేస్తారో మనందరికీ తెలుసు. టాపిక్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు గూగుల్‌లో కొడతారు. మొదటి పేజీలో కనిపించిన పీడీఎఫ్‌లన్నీ ఫోన్‌లోకి దించుకుంటారు. మర్నాడు వచ్చి "లిటరేచర్ అయిపోయింది మేడమ్" అంటారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. బ్యూరెట్ ఎలా పట్టుకోవాలో నేర్పాం, టీఎల్‌సీ ప్లేటు మీద చుక్క ఎలా పెట్టాలో నేర్పాం. వెతకడం కూడా నేర్పాల్సిన పనేనని మాత్రం మనం అనుకోలేదు.

నేను విశాఖలో ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు ఊళ్ల వాళ్లు. చదువయ్యాక కొందరు పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో చేరతారు, కొందరు నెట్ రాసి పీహెచ్‌డీకి వెళతారు. ఎటు వెళ్లినా మొదటి వారంలో పైవాళ్లు అప్పగించే పని ఒకటే: దీని మీద ఇప్పటిదాకా ఎవరు ఏం చేశారో చూసి చెప్పు. ఖరీదైన డేటాబేస్‌లు లేని కాలేజీల్లో పాఠం చెప్పే తోటి లెక్చరర్ల కోసం నేను అనుసరించే పద్ధతి రాస్తున్నాను.

మొదటి క్లాసులో కాగితం, పెన్ను చాలు

మొదటి క్లాసును కంప్యూటర్ ల్యాబ్‌లో పెట్టకండి. మామూలు క్లాసురూములో కూర్చోబెట్టి, ఎవరి టాపిక్‌ను వాళ్ల చేతే కాగితం మీద ప్రశ్నగా రాయించండి. "గ్రీన్ సింథసిస్ ఆఫ్ డైహైడ్రోపిరిమిడినోన్స్" అని రాసిస్తే అది ప్రశ్న కాదు, టైటిల్. అందులో కనీసం నాలుగు వేరువేరు ప్రశ్నలున్నాయి. నేను చేయబోయే పదార్థాన్ని ఇంతకు ముందు ఎవరైనా చేశారా? చేసి ఉంటే అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి ఏది? దాని మెల్టింగ్ పాయింట్, ఎన్‌ఎమ్‌ఆర్ (అణువు నిర్మాణాన్ని చూపే స్పెక్ట్రమ్) విలువలు ఎక్కడున్నాయి? రియాక్షన్ ఏ దారిలో నడుస్తుందో ఎవరు తేల్చారు?

ఈ నాలుగింటికీ జవాబులు ఒకే చోట దొరకవు. మొదటిదానికి పదార్థాన్ని పట్టుకుని వెతకాలి. రెండోదానికి రియాక్షన్‌ను పట్టుకోవాలి. మూడోది డేటా, దానికి వేరే ఖజానాలున్నాయి. నాలుగోది ఒక వాదం, దాన్ని ఏళ్ల వెంట చదువుకుంటూ రావాలి. కెమిస్ట్రీలో వెతకడం మిగతా సబ్జెక్టుల్లా ఉండదని పిల్లలకు తెలియాల్సింది ఇక్కడే. మనం ముందు వెతకాల్సింది మాటను కాదు, పదార్థాన్ని. ఈ ఒక్క అలవాటు వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయని నా నమ్మకం. అందుకే కోర్సులో సగం సమయం దీని మీదే పెడతాను.

సీసా మీది నంబరు

రెండో క్లాసుకు ల్యాబ్ నుంచి రీఏజెంట్ సీసాలు తెప్పించి బల్లల మీద పెడతాను. ప్రతి లేబుల్ మీదా హైఫన్లతో మూడు భాగాలుగా ఒక నంబరు ఉంటుంది. అది క్యాస్ రిజిస్ట్రీ నంబరు. అమెరికాలోని కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ 1965 నుంచి ప్రతి పదార్థానికీ విడివిడిగా ఇస్తున్న నంబరు. రెండేళ్లుగా ఆ సీసాలను పట్టుకుంటున్న పిల్లలు కూడా దాన్ని గమనించి ఉండరు. పారాసెటమాల్ అన్నా, ఎసిటమినోఫెన్ అన్నా, 4-ఎసిటమిడోఫినాల్ అన్నా, ఎన్-4-హైడ్రాక్సీఫినైల్ ఎసిటమైడ్ అన్నా పదార్థం ఒకటే, నంబరూ ఒకటే: 103-90-2. పేరుతో వెతికినవాడు నాలుగుసార్లు వెతకాలి, అయినా ఏదో ఒకటి తప్పిపోతుంది. నంబరుతో వెతికినవాడు ఒకే చోటికి చేరతాడు.

బోర్డు మీద ఒక లెక్క చేయించండి, పిల్లలు ఈ నంబరును ఇక మరిచిపోరు. చివరి అంకెను పక్కన పెట్టి, మిగిలిన 1, 0, 3, 9, 0 అంకెలను కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5 తో గుణించమనండి. 0, 18, 9, 0, 5 వస్తాయి. కూడితే 32. అందులో చివరి అంకె 2, నంబరు చివర ఉన్నదీ 2. ఆధార్ నంబరులో చివరి అంకె ఎలాగైతే మిగతా అంకెలను సరిచూస్తుందో ఇదీ అంతే. ఎక్కించేటప్పుడు ఒక అంకె తప్పు పడితే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది. స్టైరీన్ నంబరు 100-42-5 ఇచ్చి, ఇంటి దగ్గర సరిచూసుకు రమ్మంటాను.

దీనితోపాటే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లవణానికి, హైడ్రేట్‌కి, ఒక్కో స్టీరియో ఐసోమర్‌కి వేరే నంబరుంటుంది. రెసిమిక్ ఐబుప్రొఫెన్ (ఆర్, ఎస్ రెండు రూపాలూ కలిసినది) 15687-27-1 అయితే, ఎస్-ఐబుప్రొఫెన్ 51146-56-6. ఫార్మా కంపెనీలో చేరబోయే పిల్లలు ఈ తేడా తెలియకుండా బయటికి వెళ్లకూడదు. ఒక నంబరుతో వెతికి "ఏమీ లేదు" అన్నప్పుడు, నేను మొదట అడిగేది "హైడ్రోక్లోరైడ్ లవణం నంబరుతో చూశావా అమ్మా?" అనే.

నంబరు తెలియకపోతే బొమ్మ గీయాలి. పబ్‌కెమ్‌లో స్ట్రక్చర్ గీసి వెతికే సౌకర్యం ఉంది. 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ మొదలుపెట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు. గీసిన స్ట్రక్చర్ అచ్చంగా దొరక్కపోతే సబ్‌స్ట్రక్చర్ సెర్చ్ చేయించండి. అంటే ఈ రింగు ఎక్కడెక్కడ ఉందో చూపమని అడగడం. అది కూడా అయ్యాక ఇన్‌చి-కీ పరిచయం చేస్తాను. హైఫన్లతో కలిపి 27 అక్షరాల గుర్తు అది. మొదటి 14 అక్షరాలు అణువులో ఏది దేనికి అతికి ఉందో చెబుతాయి, స్టీరియో వివరం తర్వాతి ముక్కలో ఉంటుంది. అందుకే మొదటి 14 అక్షరాలను మాత్రమే గూగుల్‌లో కొడితే ఆర్, ఎస్ రెండు రూపాలూ కలిసి వస్తాయి.

డబ్బు కట్టి వాడే సైఫైండర్, రియాక్సిస్ డేటాబేస్‌లు ఉన్న చోట పిల్లలకు వాటినే నేర్పాలి, అందులో సందేహం లేదు. లేని చోట మాత్రం ఒక విషయం గట్టిగా చెప్పండి. పబ్‌కెమ్‌లో కనిపించనంత మాత్రాన అది కొత్త పదార్థం కాదు. "నావెల్" అనే మాట టైటిల్‌లో పెట్టాలనుకునేవాళ్లు ముందు యూనివర్సిటీలోనో ఐఐటీలోనో ఉన్న సీనియర్‌ని అడిగి, సైఫైండర్‌లో ఆ స్ట్రక్చర్‌ను ఒక్కసారి చూపించుకోవాలి. అంతవరకూ ఆ మాట రాయనివ్వను.

ఒక రియాక్షన్‌ను మొదటి నుంచి చివరి వరకు

పద్ధతి అంతా ఒకే ఉదాహరణ మీద చూపిస్తేనే పిల్లలకు పట్టుబడుతుంది. నేను తీసుకునేది బిజినెల్లి రియాక్షన్. మన ఎమ్మెస్సీ ల్యాబుల్లో ఎక్కువగా చేసేది, ప్రాజెక్టుల్లో మళ్లీ మళ్లీ వచ్చేది కూడా. బెంజాల్డిహైడ్, ఇథైల్ ఎసిటోఎసిటేట్, యూరియా మూడూ కలిపి కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఇథనాల్‌లో మరిగిస్తే డైహైడ్రోపిరిమిడినోన్ వస్తుంది. ఇటలీకి చెందిన పియెట్రో బిజినెల్లి 1891లో చెప్పిన సంగతి.

గూగుల్ స్కాలర్‌లో ఈ పేరు కొడితే గుట్టలుగుట్టలుగా పేపర్లు వస్తాయి. పిల్లలు అక్కడే బెదిరిపోతారు. ఆ గుట్టలో దిగవద్దని, ముందు ఒక మంచి రివ్యూ (ఆ టాపిక్ మీద జరిగిన పనంతా ఒకచోట చెప్పే వ్యాసం) పట్టుకోమని చెప్పండి. ఆలివర్ కాపే 1993లో టెట్రహెడ్రాన్ పత్రికలో ఈ రియాక్షన్ నూరేళ్ల చరిత్రను రివ్యూగా రాశారు. దాన్ని చదివితే 1993కు వెనక ఏం జరిగిందో తెలుస్తుంది. తర్వాత స్కాలర్‌లో ఆ రివ్యూ కింద ఉన్న "సైటెడ్ బై" నొక్కితే, దాన్ని ఉదహరించిన పేపర్లన్నీ వస్తాయి, అంటే 1993 తర్వాత ఏం జరిగిందో అక్కడుంటుంది. వెనక్కి వెళ్లడానికి రిఫరెన్సులు, ముందుకు రావడానికి సైటేషన్లు. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా తెచ్చిన ఆలోచన ఇదే. ఈ రెండు దిక్కులూ తెలిస్తే చాలు, కీవర్డ్ కోసం తల పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మెకానిజమ్ ప్రశ్నకు వద్దాం. దీన్ని నేను ముగ్గురు విద్యార్థులకు మూడు ముక్కలుగా పంచుతాను. 1933లో ఫోకర్స్, జాన్సన్ చెప్పింది ఒకరికి: ఒక ఆల్డిహైడ్‌కు రెండు యూరియాలు అతికి బిస్‌యూరైడ్ ఏర్పడుతుందని. 1973లో స్వీట్, ఫిసెకిస్ చెప్పింది ఇంకొకరికి: ఆల్డిహైడ్ ముందు ఎసిటోఎసిటేట్‌తో కలిసి కార్బీనియం అయాన్ అవుతుందని. 1997లో కాపే ఎన్‌ఎమ్‌ఆర్‌తో పరీక్షించి చెప్పింది మూడోవారికి: ఆల్డిహైడ్, యూరియా ముందు కలిసి ఎన్-ఎసైల్‌ఇమినియం అయాన్ వస్తుందని. ముగ్గురూ క్లాసులో నిలబడి వాళ్ల వాళ్ల పేపర్ తరఫున మాట్లాడాలి. ఏ ప్రయోగం ఆధారంగా అలా అన్నారో చెప్పాలి. గైడులో "మెకానిజమ్" అని ఒకే బొమ్మ చూసిన పిల్లలకు, ఆ బొమ్మ వెనక అరవై ఏళ్ల వాదన ఉందని తెలిసినప్పుడు వాళ్ల చదివే తీరే మారిపోతుంది. నా కోర్సులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అది.

ఈ కథలో ఇంకో మలుపు కూడా చూపించండి. 1999లో సైన్స్ పత్రికలో మోనాస్ట్రాల్ అనే చిన్న అణువు గురించి వచ్చింది. కణ విభజనలో పాల్గొనే ఈజీ5 అనే మోటార్ ప్రొటీన్‌ను అది అడ్డుకుంటుందని తేలింది. దాని స్ట్రక్చర్ గీయించి, ఏ మూడు ముక్కలతో వచ్చిందో పిల్లల్నే విడదీయమనండి. 3-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్, ఇథైల్ ఎసిటోఎసిటేట్, యూరియా బదులు థయోయూరియా. మన ల్యాబులో చేసే రియాక్షనే! ఆ తర్వాత వచ్చిన పేపర్లలో "యాంటీక్యాన్సర్" అనే మాట ఎందుకు అంతగా కనిపిస్తుందో వాళ్లకే అర్థమవుతుంది.

ఇక కొత్త క్యాటలిస్టుల పేపర్లు. వీటిని కథలా చదవకుండా పట్టికలో పెట్టించాలి. క్యాటలిస్ట్ ఎంత వాడారు, ఏ సాల్వెంట్, ఎంత వేడి, ఎంత సేపు, చెప్పిన దిగుబడి వేరుచేసి తూచిందా లేక జీసీలో చూసిందా, ప్రొడక్టు స్పెక్ట్రమ్ సప్లిమెంటరీ ఫైలులో ఉందా. మరో గడిలో ఒకే ప్రొడక్టుకు ఒక్కో పేపర్ ఇచ్చిన మెల్టింగ్ పాయింట్ రాయించండి. ఇరవై డిగ్రీల తేడా కనిపించిన చోట ఏ పేపర్‌ను నమ్మాలో పిల్లలే వాదించుకుంటారు. టైటిల్‌లో "సాల్వెంట్-ఫ్రీ" అని ఉన్నా, ప్రొడక్టును వేరుచేసేటప్పుడు ఎంత ఇథైల్ ఎసిటేట్ వాడారో ఎక్స్‌పెరిమెంటల్‌లో చూసి రాయమంటాను. పేపర్‌లో ముందు ఎక్స్‌పెరిమెంటల్ చదవడం, తర్వాత టేబుళ్లు, చివరికి ఇంట్రడక్షన్. ఇంగ్లిష్ భయం ఉన్న పిల్లలకు ఈ వరుస మరీ మేలు చేస్తుంది, ఎందుకంటే ఎక్స్‌పెరిమెంటల్‌లో ఉండేది వాళ్లకు చేతితో తెలిసిన భాష.

తయారీ పద్ధతి కావాలంటే ఆర్గానిక్ సింథసెస్ వెబ్‌సైటులో ముందు చూడమనండి. 1921 నుంచి వస్తున్న ఆ వార్షిక సంపుటాల్లో ప్రతి పద్ధతినీ అచ్చు వేయక ముందు ఎడిటోరియల్ బోర్డు సభ్యుల ల్యాబులో మరోసారి చేసి చూస్తారు. ఇప్పుడు అదంతా ఉచితం. స్పెక్ట్రా కోసం జపాన్ వాళ్ల ఎస్‌డీబీఎస్, భౌతిక విలువల కోసం నిస్ట్ వెబ్‌బుక్ చూపించండి.

కానుగ చెట్టు, పాత పేపర్లు, మన ఇంటిపేర్లు

న్యాచురల్ ప్రొడక్ట్స్ తీసుకున్న పిల్లలకు వేరే చిక్కులుంటాయి. కానుగ గింజలనే తీసుకోండి. కానుగ నూనె, కానుగ పుల్ల తెలియని పిల్లలు మా క్లాసులో ఉండరు. కానీ పేపర్లలో ఈ చెట్టు ఒకే పేరుతో ఉండదు. పాతవాటిలో పొంగామియా గ్లాబ్రా, తర్వాతివాటిలో పొంగామియా పిన్నాటా, ఇంకొన్నిటిలో మిల్లెట్టియా పిన్నాటా, కొన్నిటిలో డెర్రిస్ ఇండికా. నాలుగు పేర్లనూ కొటేషన్లలో పెట్టి మధ్యలో "OR" వేసి ఒకేసారి వెతకడం ఇక్కడ నేర్పాలి. స్పెల్లింగుల సంగతీ ఇంతే. పాత బ్రిటిష్ పత్రికల్లో సల్ఫర్‌కు పీహెచ్, అమెరికన్ పత్రికల్లో ఎఫ్. రెండూ కొట్టాలి.

కానుగ గింజల్లోని కరంజిన్ వంటి ఫ్లావనాయిడ్ల మీద మంచి పని మన ఊళ్లోనే జరిగింది. టి. ఆర్. శేషాద్రి గారు 1933 నుంచి 1949 దాకా వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కెమిస్ట్రీ విభాగాన్ని నడిపారు. పత్తి పూల రంగులు, కానుగ ఫ్లావనాయిడ్లు, ఇంకా ఎన్నో మొక్కల రంగు పదార్థాల మీద ఆయన, ఆయన శిష్యులు రాసిన పేపర్లు ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో వరుసగా వచ్చాయి. అకాడమీ వాళ్లు ఆ పాత సంచికలను తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. వాల్తేరు అనే చిరునామా ఉన్న 1930ల పేపర్‌ను ఫోన్‌లో తెరిచి చూపించినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు నేను మాటల్లో పెట్టలేను. వాళ్లు రోజూ ఎక్కే బస్సు ఆ క్యాంపస్ గేటు ముందు నుంచే వెళుతుంది.

ఆ పేపర్లలో ఎన్‌ఎమ్‌ఆర్ ఉండదు. మెల్టింగ్ పాయింట్, కార్బన్, హైడ్రోజన్ శాతాలు, ఫెర్రిక్ క్లోరైడ్ రంగు, క్షారంలో కరిగించి విడగొడితే వచ్చే ముక్కలు, అంతే. ఆ ఆధారాలతోనే స్ట్రక్చర్ ఎలా తేల్చారో ఒక పేపర్ అయినా పూర్తిగా చదివించండి. ఈ రోజు వాళ్లు చేతిలోకి తీసుకునే స్పెక్ట్రమ్ విలువ అప్పుడు తెలుస్తుంది.

తెలుగువాళ్ల పేర్లతో వెతకడం మీద ఒక పూట పెట్టాల్సిందే. ఇంటిపేరు ముందు వచ్చే మన పద్ధతిని పాశ్చాత్య ఇండెక్సులు సరిగా అర్థం చేసుకోలేదు. ఒకే మనిషి ఒక పేపర్‌లో ఇనీషియల్‌గా, మరో దాంట్లో పూర్తి ఇంటిపేరుతో, ఇంకో చోట "రావు"గా ఉంటారు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ అంచనాకు కలరిమెట్రీ పద్ధతిని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో రాశారు. ఆ పద్ధతిని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారో పేరుతోనే వాడుతున్నాం. "సుబ్బారో" అని కలిపి, "సుబ్బ రో" అని విడదీసి, చివర "డబ్ల్యూ"తో, "ఎల్లాప్రగడ"తో, ఇలా అన్నిటితో వెతకాలి. పిల్లల చేత ఈ వెతుకులాట చేయించి, ఏ స్పెల్లింగుకు ఏవి వచ్చాయో రాయించండి. తర్వాత వాళ్లందరి చేతా ఓర్కిడ్ ఐడీ (పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) తీయించండి. రేపు వాళ్ల పేపర్లు ఇలా చెదిరిపోకుండా ఉంటాయి.

పాత థీసిస్‌లకు శోధ్‌గంగ ఉంది. మన యూనివర్సిటీల్లో కొన్ని తయారీ వివరాలు పేపర్ దాకా రాకుండా థీసిస్‌లోనే ఆగిపోతాయి, కాబట్టి అక్కడా చూడాలి. పేటెంట్లను త్వరగా దాటేస్తాను, ఎమ్మెస్సీలో వాటిని లోతుగా నేర్పే సమయం ఉండదు. గూగుల్ పేటెంట్స్, ఎస్పాసెనెట్ రెండూ చూపించి, పెట్టిన 18 నెలలకు పేటెంటు దరఖాస్తు ప్రచురితమవుతుందని, ఫార్మాలో ఎన్నో కొత్త పదార్థాలు మొదట అక్కడే కనిపిస్తాయని చెప్పండి.

నమ్మాలా వద్దా

దొరికిన ప్రతిదీ నిజం కాదని చెప్పడానికి నేను హెక్సాసైక్లినాల్ కథ చెబుతాను. 2006లో ఈ అణువును తయారు చేశామంటూ పేరున్న ఒక జర్మన్ పత్రికలో పేపర్ వచ్చింది. అదే ఏడాది రిక్నోవ్‌స్కీ కంప్యూటర్‌తో కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్ లెక్కగట్టి, అనుకున్న స్ట్రక్చరే తప్పని చెప్పారు. పోర్కో బృందం ఆ సవరించిన స్ట్రక్చర్‌ను తయారు చేసి, ఆయన మాట సరైనదని చూపింది. మొదటి పేపర్‌ను 2012లో వెనక్కి తీసుకున్నారు. మొదటి పేపర్ ఒక్కటే దించుకున్నవాడికి ఈ సంగతి తెలియదు. "సైటెడ్ బై" నొక్కినవాడికి అదే రోజు తెలిసిపోతుంది. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా రిట్రాక్షన్ వాచ్ వాళ్ల దగ్గర ఉంది, ఉచితంగా చూడొచ్చు.

ఈ మధ్య పిల్లలు చాట్‌జీపీటీని అడిగి రిఫరెన్సులు తెస్తున్నారు. వాడొద్దని నేను అనను. కానీ అది ఇచ్చిన ప్రతి రిఫరెన్సుకూ డీఓఐ (ఒక్కో పేపర్‌కూ ఉండే శాశ్వత గుర్తింపు నంబరు) వెతికి, తెరిచి, టైటిల్, పత్రిక, సంవత్సరం మూడూ సరిపోయాయో లేదో పెన్నుతో టిక్కు పెట్టి తేవాలి. పది పేర్లలో కొన్ని అసలు లేనే లేవని వాళ్లే కనుక్కున్న రోజు నుంచి నా మాట అవసరం రాదు.

వెతకడం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన ఊళ్లో దూరం వెళ్లనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసి 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ చుట్టుపక్కల నుంచి వచ్చిన పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు, కాబట్టి ఈ పాఠాన్ని జాగ్రత్తగా, గౌరవంగా చెబుతాను. వాళ్లకిచ్చే ప్రశ్న ఇది: నిల్వ ఉంచిన స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారకుండా ఏం కలుపుతారు, అది ఏ పరిస్థితిలో పనిచేయదు? పబ్‌కెమ్‌లోని భద్రతా సమాచారం, తయారీదారుల నిల్వ సూచనలు, 2020 జులైలో రాష్ట్ర ప్రభుత్వానికి అందిన హైపవర్ కమిటీ నివేదిక, మూడూ చూడాలి. టర్షరీ బ్యూటైల్ క్యాటకాల్ అనే ఇన్హిబిటర్ కలుపుతారని, అది పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలని, వేడి పెరిగితే అది త్వరగా ఖర్చైపోతుందని, పాలిమర్ కట్టేటప్పుడు పుట్టే వేడి ఆ రియాక్షన్‌ను ఇంకా తరుముతుందని వాళ్లంతట వాళ్లే రాసుకొస్తారు. ఈ సమాచారమంతా ఎన్నో ఏళ్లుగా అచ్చులో ఉన్నదే. ఆ తర్వాత మా ల్యాబులో ఏ కొత్త రీఏజెంట్ తెరిచినా, దాని ప్రమాదాల గురించి వెతికి రాసిన పేజీ లేకుండా సీసా ఇవ్వను. ఈ నియమానికి మినహాయింపు లేదు.

రికార్డు, మార్కులు, దొరకని పేపర్లు

ల్యాబ్ రికార్డు ఉన్నట్టే సెర్చ్ రికార్డు ఒక విడి నోటుబుక్కుగా ఉండాలి. తేదీ, ఎక్కడ వెతికారు, ఏం కొట్టారు, ఎన్ని వచ్చాయి, వాటిలో ఏవి ఉంచుకున్నారు, ఎందుకు. నేను మార్కుల్లో సగం ఈ నోటుబుక్కుకే వేస్తాను. రిపోర్టు ఎక్కడి నుంచైనా తేవచ్చు, ఈ రికార్డు మాత్రం వెతికినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఏమీ దొరకని సెర్చ్‌ను కూడా రాసినవాళ్లకు మార్కు తగ్గించకండి, అది కూడా ఫలితమే. రిఫరెన్సుల కోసం జొటెరో పెట్టించండి, ఉచితం. ఆటోమేటిగ్గా వచ్చిన వివరాల్లో పేజీ నంబర్లు, పత్రిక పేరు తప్పులుంటాయి కాబట్టి కంటితో సరిచూడాలి.

పూర్తి పేపర్ దొరకని సమస్య మనలాంటి ప్రైవేటు కాలేజీలకు ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి నుంచి నడుపుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు అందుతున్నాయి, కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకు. అక్కడ పనిచేసే లెక్చరర్లు మీ లైబ్రరీలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ లాగిన్ పనిచేస్తోందో లేదో ఈ వారమే అడగండి. మిగతావాళ్లు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టించండి, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీ ఎక్కడుందో అది చూపిస్తుంది. అదీ కాకపోతే రాసినవాళ్లకే మెయిల్ పెట్టడం. పిల్లలు దీనికి చాలా జంకుతారు. అందుకని క్లాసులోనే అందరి చేతా ఒక మెయిల్ రాయిస్తాను: నేను ఫలానా కాలేజీ ఎమ్మెస్సీ విద్యార్థిని, మీ ఫలానా పేపర్‌లో ఫలానా కాంపౌండ్ తయారీ వివరం నా ప్రాజెక్టుకు కావాలి, వీలైతే కాపీ పంపగలరు. మూడు వాక్యాలు, పేపర్ డీఓఐ, పేరు, అంతే. కాపీ ఒక్కటే కాకుండా కొందరు ప్రొఫెసర్లు సప్లిమెంటరీ స్పెక్ట్రా కూడా జతచేసి పంపుతారు. జవాబు వచ్చినవాళ్లు ఆ మెయిల్‌ను సెర్చ్ రికార్డులో అతికించి, అదే రోజు థాంక్స్ చెబుతూ తిరిగి రాయాలి.